కాతిబ్ కలం నుంచి ఫాంట్‌కాన్ఫిగ్ దాకా

కైకలూరు లాంటి ఊళ్లలో మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ జబాన్ ఇంట్లో మాటగానే వస్తుంది. చదవడం కంప్యూటర్ తెర మీదే. అది లినక్స్ అయితే ఉర్దూ తరచూ నస్ఖ్‌లో కనిపిస్తుంది. అమ్మీ దాచుకున్న కితాబుల నస్తాలీక్ వాళ్లకు వేరే లిపిలా తోస్తుంది.

1981 దాకా ఉర్దూ అఖ్బార్లు చాలావరకు కాతిబ్‌ల చేతిరాతే. ఆ ఏడు లాహోర్ 'జంగ్' నూరీ నస్తాలీక్‌తో కంప్యూటర్‌కెక్కింది. అహ్మద్ మీర్జా జమీల్ తన తండ్రి నూర్ అహ్మద్ పేరు పెట్టుకున్న ఖత్ అది. కలిసే హరఫుల రూపాలే వేలల్లో గీశారు. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది, కానీ కొనుక్కోవాల్సిన సరుకు. 2014లో గూగుల్ నోటో నస్తాలీక్ ఉర్దూను ఉచితంగా ఇచ్చింది.

ఫాంట్ ఒక్కటే చాలదు. లినక్స్‌లో ఏ భాషకు ఏ ఫాంటో తేల్చేది కీత్ ప్యాకార్డ్ మొదలుపెట్టిన ఫాంట్‌కాన్ఫిగ్. యూనికోడ్‌లో అరబీ, ఉర్దూలది ఒకే హరఫుల ఖజానా. లిపిని చూసి నియమం రాస్తే ఖురాన్ ఆయత్ కూడా నస్తాలీక్‌లోకి వాలిపోతుంది, అది మనకు ఒప్పదు. కాబట్టి నియమం ఉర్దూ భాషాకోడ్ 'యుఆర్' మీదే ఉండాలి, అరబీ 'ఏఆర్'ను ముట్టుకోకూడదు.

ఇంకో చిక్కుంది. నస్తాలీక్ ఏటవాలుగా కిందికి జారుతుంది, వరుసకు ఎత్తు ఎక్కువ కావాలి. మెనూల్లో పెడితే నుక్తాలు తెగొచ్చు. నా మర్జీ అయితే మెనూలు వాడే సాన్స్‌కు నస్ఖ్, చదువుకునే సెరిఫ్‌కు నస్తాలీక్. ఉస్తాదులు దీన్ని రాజీ అంటారు, అననివ్వండి.

కంప్యూటర్ మొత్తానికి ఇలా మార్చాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. మన హోమ్ ఫోల్డర్‌లో రాసుకోవడానికి ఎవరి ఇజాజత్ అక్కర్లేదు.