రోగశయ్యపై హాస్యం: 'ఆనంద్' చిత్రానికి కలకత్తా నేపథ్యం

1971లో విడుదలైన 'ఆనంద్' హిందీ చిత్రంలో కథ జరిగేది బొంబాయిలో. చిత్రాన్ని అంకితం చేసినది కూడా ఆ నగరానికీ, నటుడు రాజ్ కపూర్‌కూ. అయినప్పటికీ అందలి హాస్యానికి పుట్టినిల్లు కలకత్తా అనడం అతిశయోక్తి కాదు. దర్శకుడు హృషీకేశ్ ముఖర్జీ 1922లో కలకత్తాలోనే జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి, న్యూ థియేటర్స్ సంస్థలో తొలుత ఛాయాగ్రహణ విభాగంలోనూ, తదుపరి కూర్పు విభాగంలోనూ పనిచేశారు. 1950 దశకం తొలినాళ్లలో బిమల్ రాయ్‌తో కలిసి బొంబాయికి తరలివెళ్లారు. సంగీత దర్శకులు సలిల్ చౌధురి సైతం బెంగాలు ప్రజానాట్యోద్యమం నుంచి వచ్చినవారే. కథ చెప్పే డాక్టర్ భాస్కర్ బెనర్జీ బెంగాలీ. అతణ్ణి ఆనంద్ 'బాబూ మొషాయ్' అని పిలుస్తాడు. హృషీకేశ్‌ను రాజ్ కపూర్ పిలిచే పిలుపు అదేనని ప్రతీతి.

ఆనంద్‌కు సోకినది పేగులకు సంబంధించిన క్యాన్సర్. ఆయువు ఇక కొద్ది నెలలే. ఇంతటి విషయాన్ని వైద్యులు దాచజూస్తే, రోగి ముందుగానే తెలుసుకొని వచ్చి, 'లింఫోసార్కోమా' అనే ఆ పొడుగాటి పేరులోని దర్జాకు ముచ్చటపడతాడు. ప్రేక్షకులు తొలుత నవ్వేది ఇక్కడనే. నవ్విన మరుక్షణం, తాము దేనికి నవ్వామో స్ఫురించి నిశ్శబ్దులవుతారు.

ఈ సన్నివేశం విలువ తెలియాలంటే ఆ కాలపు ఆచారాన్ని గుర్తుచేసుకోవాలి. కలకత్తాలోని చిత్తరంజన్ క్యాన్సర్ ఆసుపత్రిని 1950 జనవరి 2వ తేదీన మేరీ క్యూరీ కుమార్తె ఐరీన్ జోలియో-క్యూరీ ప్రారంభించారు. చికిత్సకు ఆలయాలు వెలిసినా, వ్యాధి పేరు మాత్రం ఇళ్లలో గుసగుసగానే మిగిలింది. తెలుగునాట 'రాచపుండు' అన్న మాటను పిల్లల ఎదుట పలికేవారు కారు. వైద్యులు ఆ వార్తను రోగికి గాక బంధువులకు చెప్పడమే రివాజు. తన మరణం గురించి తెలుసుకొనే హక్కు తనదేనని రోగి చేత, అదీ ఉపన్యాసంగా గాక పరిహాసంగా, అనిపించడంలోనే ఈ చిత్రం సాహసం ఉన్నది.

దారిన పోయే అపరిచితుణ్ణి 'మురారీలాల్' అంటూ వీపు తట్టి పలకరించడం ఆనంద్‌కు వినోదం. అందరూ విసుక్కొని వెళ్లిపోతారు. ఈసాభాయ్ ఒక్కడే ఆ వేళాకోళాన్ని అందుకొని, తానూ చిరకాల మిత్రుడినే అన్నట్లు నటిస్తాడు. ఆ పాత్ర ధరించినది హాస్యనటుడు జానీ వాకర్. చివరకు ఆ హాస్యగాడే కన్నీరు పెట్టుకోవడం చూసి ప్రేక్షకులూ తమాయించుకోలేరు. మరణానంతరం టేపు రికార్డరులో నుంచి ఆనంద్ గొంతు వినిపించే ఘట్టం సుప్రసిద్ధం. అయితే ఒక లోపాన్ని చెప్పక తప్పదు. ఆ వ్యాధి దేహాన్ని పెట్టే యాతన తెరపై బహుస్వల్పం. నాయకుని రూపం దాదాపు చెక్కుచెదరదు. నవ్వును కాపాడడానికి దర్శకుడు నొప్పిని కొంత దాచారు.

నొప్పిని దాచకనే నవ్విన మనిషి కలకత్తాలో అంతకు అర్ధశతాబ్ది ముందే ఉన్నారు. సుకుమార్ రాయ్ 1921లో కాలా అజార్ జ్వరంతో మంచం పట్టారు. అదే ఏడాది ఆయన కుమారుడు సత్యజిత్ జన్మించారు. గడ్‌పార్ రోడ్డులోని ఇంట రెండేళ్లకు పైగా పక్క మీద నుంచే 'సందేశ్' పత్రికకు రచనలు చేస్తూ, తన అల్లరి కవితలను గ్రంథంగా కూర్చుకున్నారు. ఆ వ్యాధికి యూరియా స్టిబమైన్ అనే ఔషధాన్ని అదే నగరంలో డాక్టర్ ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1920లో కనుగొన్నారు. కాని అది విరివిగా వాడుకలోకి వచ్చేసరికి కవి లేరు. 1923 సెప్టెంబరు 10న ఆయన కన్నుమూశారు. 'అబోల్ తాబోల్' వెలువడినది 19న. బెంగాలీ పిల్లలు తరతరాలుగా పగలబడి నవ్వుకుంటున్న ఆ పుస్తకం మృత్యుశయ్యపై సిద్ధమైనదని వారిలో ఎందరికి తెలుసు?

తెలుగు ప్రేక్షకులకు కలకత్తా నుంచి ముందుగా అందిన రోగకథ వేరు. అసిత్ సేన్ దర్శకత్వంలో సుచిత్రా సేన్ నటించిన 'దీప్ జ్వేలే జాయ్' (1959)ను గుత్తా రామినీడు, సావిత్రి నాయికగా, 'చివరకు మిగిలేది' (1960) పేరుతో తెలుగులో తీశారు. మనోవ్యాధిగ్రస్తుని స్వస్థపరచడానికి నర్సు ప్రేమను నటించడం, ఆ నటనే నిజమై ఆమెను కూల్చివేయడం అందలి ఇతివృత్తం. అక్కడ నటన శుశ్రూష చేసే వారిది, ఇక్కడ ఆట రోగిది. ఈ రెండవ బాటలో తెలుగువారికి తమదైన చిత్రం 1989లో లభించింది. మణిరత్నం 'గీతాంజలి'లోని అల్లరిపిల్లకు తాను చనిపోతానని తెలుసు. ఆమె కొంటెతనం ఆ ఎరుక నుంచి పుట్టినదే.

2012లో సృజిత్ ముఖర్జీ 'హేమ్‌లాక్ సొసైటీ' చిత్రంతో ఈ హాస్యం తిరిగి కోల్‌కతా చేరింది. ఆత్మహత్య ఎలా చేసుకోవాలో నేర్పే పాఠశాల ఒకటి ఆ కథలో ఉంది. చావును అంత దగ్గరగా చూపించి జనాన్ని బతుకు వైపు మళ్లించడం దాని అసలు పని. దాన్ని నడిపేవాడు తానే క్యాన్సర్ రోగి. అతని పేరు ఆనంద కర్.