వైరల్ మార్కెటింగ్

వైరల్ మార్కెటింగ్ అనగా ఒక సేవను వాడేవారి ద్వారానే అది ఇతరులకు తెలిసేలా చేసే ప్రచార పద్ధతి. వైరస్ వలె ఒకరి నుండి మరొకరికి వ్యాపిస్తుంది కనుక దీనికి ఈ పేరు వచ్చింది. ప్రకటనలకు ధనం లేని చిన్న అంతర్జాల సంస్థలకు ఇది ముఖ్యమైన మార్గం.

దీనికి ప్రసిద్ధ ఉదాహరణ హాట్‌మెయిల్. చండీగఢ్‌లో జన్మించిన సబీర్ భాటియా, ఆయన సహోద్యోగి జాక్ స్మిత్ కలిసి 1996 జూలై 4న అమెరికాలో ఈ ఉచిత ఈ-మెయిలు సేవను ప్రారంభించారు. వారికి లభించిన తొలి పెట్టుబడి 3 లక్షల డాలర్లు. దేశవ్యాప్త ప్రకటనలకు అది చాలదు. పెట్టుబడిదారుడైన టిమ్ డ్రేపర్ ఒక ఉపాయం సూచించాడు: వాడుకరులు పంపే ప్రతి ఉత్తరం అడుగున, ఉచిత ఖాతా పొందవచ్చునని తెలిపే ఒక వాక్యం చేర్చడం. వ్యక్తిగత ఉత్తరాలలో ప్రకటన ఉంచుటకు స్థాపకులు మొదట సంకోచించి, పిదప అంగీకరించారు. ఉత్తరం అందుకున్నవారు తామూ ఖాతా తెరచి, మరికొందరికి ఉత్తరాలు వ్రాశారు. 1997 చివరికి వాడుకరులు 80 లక్షలు దాటారు. ఆ డిసెంబరులోనే మైక్రోసాఫ్ట్ సంస్థ హాట్‌మెయిల్‌ను కొనుగోలు చేసింది. 2013లో ఈ సేవ అవుట్‌లుక్.కామ్‌గా మారింది.

పరిమితులు: ఉత్తరానికి అందుకునేవారు కూడా ఉండాలి, ఈ విజయానికి అదే మూలం. ఒక్కరే వాడుకునే వస్తువులకు ఈ పద్ధతి యథాతథంగా వర్తించదు. సేవ నాసిరకమైనచో చెడ్డపేరు సైతం ఇదే దారిన వ్యాపిస్తుంది.