కాపురపు దావా: ఒక చట్టం చరిత్ర

భార్యాభర్తల తగాదా ఇంటి గుట్టు అనీ, అందులో మూడోవాడు కల్పించుకోరాదనీ మనవాళ్ళు తరచు అంటూ వుంటారు. సనాతనులు మాత్రమే ఈ మాట అంటే పట్టించుకోనక్కర లేదు. అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్ళు కూడా పక్కింట్లో దెబ్బల చప్పుడు వినిపించినప్పుడు ఈ మాట చాటుకే పోతారు. కాని చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. మన దేశంలో నూట యాభై ఏళ్ళకు పైగా ప్రభుత్వం పడకగది గుమ్మంలో నిలబడే వుంది. భార్యను భర్త దగ్గరికి తోలడానికి అది కోర్టునూ, జప్తునూ, జైలునూ వాడింది. భార్య రక్షణ కోరి వచ్చినప్పుడు మాత్రమే అది ఇంటి విషయం అయింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

1884 సంవత్సరంతో మొదలుపెడతాను. ఆ ఏడాది ఎంగెల్స్ కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం అనేవాటి పుట్టుకను గురించిన తన గ్రంథం ప్రచురించి, భార్య దాస్యానికి మూలం ఆస్తి సంబంధాలలో వున్నదని చూపాడు. ఆ ఏడాదే ఇంగ్లండు పార్లమెంటు, కాపురానికి పొమ్మన్న కోర్టు ఆజ్ఞను పాటించనివారిని జైలులో పెట్టే పద్ధతిని రద్దు చేసింది. ఆ ఏడాదే బొంబాయిలో దాదాజీ భికాజీ అనే వ్యక్తి, తన భార్య రఖ్మాబాయిని కాపురానికి పంపవలసిందని హైకోర్టులో దావా వేశాడు. ఇంగ్లండు తన ఇంట్లో వదులుకుంటున్న పాత సరుకు మన ఇంట్లో పదును తేరుతున్నది!

రఖ్మాబాయికి పెళ్ళినాటికి పదకొండేళ్ళు, అతనికి పంతొమ్మిది. ఆమె అతనితో ఒక్కరోజు కాపురం చెయ్యలేదు. పుట్టింట్లోనే వుండి చదువుకున్నది. ఎదిగిన తరువాత, తెలివి రాని వయసులో జరిగిన పెళ్ళికి నేను కట్టుబడను, ఈ మనిషితో వుండను అన్నది. అతని అనారోగ్యం, చదువు లేకపోవడం, పేదరికం గురించి కోర్టులో చాలా మాటలు నడిచాయి. ఆమెకు తండ్రి ఆస్తి వున్న సంగతీ నడిచింది. కాని అసలు ప్రశ్న ఒకటే: తనకు ఇష్టం లేని మనిషి పక్కకు చేరనని చెప్పే హక్కు స్త్రీకి వుందా?

1885లో జస్టిస్ పిన్హే వుందన్నాడు. ఇటువంటి దావా ఇంగ్లండు నుంచి వచ్చినదే గాని హిందూ ధర్మశాస్త్రంలో లేదనీ, ఎన్నడూ కాపురం చెయ్యని స్త్రీని బలవంతాన పంపడం అనాగరికమనీ తీర్పు చెప్పాడు. మరుసటి ఏడు అప్పీలులో ఆ తీర్పు నిలవలేదు. 1887 మార్చిలో జస్టిస్ ఫారన్, నెలలోగా భర్త ఇంటికి వెళ్ళాలి, లేదా ఆరునెలలు జైలుకు పోవాలి అన్నాడు. జైలుకే పోతానని ఆమె చెప్పింది. మారుపేరుతో పత్రికలకు ఉత్తరాలు రాసి బాల్యవివాహాల దుర్మార్గాన్ని అంతకు ముందే బయటపెట్టిన మనిషి ఆమె. చివరకు 1888లో 2,000 రూపాయలు తీసుకొని దాదాజీ తన హక్కు వదులుకున్నాడు. కాపురం హక్కు వెల కట్టగల సరుకని దీనికన్న స్పష్టంగా ఏ సిద్ధాంత గ్రంథం చెప్పగలదు? రఖ్మాబాయి ఇంగ్లండు వెళ్ళి 1894లో వైద్యవిద్య పూర్తిచేసి, సూరత్, రాజ్‌కోట్‌లలో డాక్టరుగా పనిచేసింది.

ఈ దావా పుట్టుక సంగతి కొంచెం చూద్దాం. ఇంగ్లండులో ఇది చర్చి కోర్టుల సృష్టి. పెళ్ళయిన స్త్రీకి విడిగా వ్యక్తిత్వమే లేదన్న భూస్వామ్య యుగపు నమ్మకం దీనికి పునాది. కంపెనీ కోర్టులతోపాటు ఇది మన దేశానికి దిగుమతి అయింది. 1867లో ప్రీవీ కౌన్సిలు ఒక ముస్లిం దంపతుల కేసులో దీనికి ఆమోదముద్ర వేసింది. అంతమాత్రాన మన ప్రాచీనులు స్త్రీని స్వేచ్ఛగా వుంచారని ఎవరూ మురిసిపోనక్కర లేదు. తప్పు చేసిన భార్యను తాడుతోగాని వెదురుబద్దతోగాని కొట్టవచ్చునని మనుస్మృతి అనుమతి ఇచ్చింది. శ్రమచేసి బతికే కులాలలో, కులపెద్దల ముందు తెగదెంపులు చేసుకొని మారుమనువు పోయే ఆచారం మాత్రం వుండేది. రఖ్మాబాయి పుట్టిన వడ్రంగి కులంలో కూడా వితంతువుకు మళ్ళీ పెళ్ళి వుంది. ఆమె తల్లే అలా పెళ్ళాడింది. తెల్లదొరల న్యాయం అగ్రవర్ణాల కట్టుబాటును శాస్త్రం పేరుతో ఒక చేత్తో పట్టుకొని, చర్చి కోర్టుల శిక్షను రెండో చేత్తో పట్టుకొన్నది. రెంటి మధ్యా నలిగింది స్త్రీ.

ఆనాటి జాతీయవాదులలో కొందరు ఏ పక్షాన నిలిచారో మనం మరిచిపోరాదు. తిలక్ తన పత్రికలలో రఖ్మాబాయికి వ్యతిరేకంగా రాశాడు. 1890లో కలకత్తాలో హరిమోహన్ మైతీ కేసు వచ్చింది. అతని భార్య ఫూల్‌మణి పది పదకొండేళ్ళ పిల్ల. భర్త బలవంతపు సంభోగం వల్ల ఆమె చనిపోయింది. పదేళ్ళు నిండిన భార్య విషయంలో అది అత్యాచారం కాదని శిక్షాస్మృతి చెబుతున్నది కనుక అతనికి పడింది ఒక సంవత్సరం శిక్ష! ఆ తరువాత 1891లో సమ్మతి వయస్సును పది నుంచి పన్నెండేళ్ళకు పెంచే చట్టం వచ్చింది. దానినీ తిలక్ వర్గం, విదేశీ ప్రభుత్వం మన మతంలో చెయ్యిపెడుతున్నదని ఎదిరించింది. దేశం పరాయివాడి చేతిలో వున్నా ఇల్లు మన చేతిలో వుండాలన్నది వారి వాదం. ఆ ఇంట్లో ఎవరు ఎవరి చేతిలో వున్నారని మాత్రం వారు అడగలేదు. సామ్రాజ్యవాదాన్ని ఎదిరించడం గొప్ప విషయమే, కాని పసిపిల్ల శవం మీద నిలబడి ఎదిరించడం గొప్ప కాదు.

కాపురపు దావాలో జైలుశిక్షను మన దేశంలో 1923లో తీసివేశారు. ఆస్తి జప్తు మిగిలింది. కులాచారంలో విడాకులు లేని హిందూ స్త్రీకి, మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాలలో, 1949 చట్టంతో మొదటిసారి విడాకుల దారి దొరికింది. ఆ తరువాత 1955 మే నెలలో హిందూ వివాహ చట్టం వచ్చింది. విడాకులు ఇచ్చిన ఆ చట్టమే, తొమ్మిదో సెక్షనులో, దాంపత్య హక్కుల పునరుద్ధరణ అన్న పేరుతో పాత దావాను స్వతంత్ర భారతంలో పీట వేసి కూర్చోబెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో రఖ్మాబాయి కన్నుమూసింది. ఇంగ్లండు ఈ దావాను 1970లో పూర్తిగా రద్దు చేసింది.

దీనిని మొట్టమొదట కొట్టివేసింది మన తెలుగుదేశపు హైకోర్టే. కడప కోర్టులో భర్త వేసిన దావా నుంచి పుట్టిన టి. సరిత కేసులో, 1983 జులైలో, జస్టిస్ పి. ఎ. చౌదరి తొమ్మిదో సెక్షను రాజ్యాంగవిరుద్ధమన్నాడు. ఈ డిక్రీ వల్ల స్త్రీ శరీరం మీద నిర్ణయం ఆమె చేతి నుంచి ప్రభుత్వం చేతికి పోతున్నదనీ, ఇష్టం లేని గర్భం మోయవలసినది ఆమే కనుక ఈ హక్కు ఆలుమగలిద్దరికీ సమానమన్నది కాగితం మీది మాటేననీ అతని వాదం. ఆ ఏడాదే ఢిల్లీ హైకోర్టు దీనికి సరిగ్గా ఎదురు తీర్పు ఇచ్చింది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడం గాజు సామాన్ల కొట్లోకి ఆంబోతును తోలడం వంటిదట! 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ పక్షమే వహించింది.

ఆ సరోజ్ రాణి కేసులో ఒక విశేషం వుంది. దావా వేసింది భార్య. భర్త కోర్టులో సరేనన్నాడు, డిక్రీ అయింది. ఏడాది గడిచాక, కాపురం సాగలేదు కనుక విడాకులు ఇవ్వమని అతడే వచ్చాడు. విడాకులు దొరికాయి. అంటే కాపురం నిలబెట్టడానికని చెప్పిన చట్టం, కాపురం తెంచే మెట్టుగా పనిచేసింది. మరొకవైపు, భార్య మనోవర్తి అడిగినప్పుడు ఎగ్గొట్టడానికి భర్తలు ఈ డిక్రీని అడ్డం పెట్టారు. సరైన కారణం వుండి వెళ్ళని భార్యకు డిక్రీ వున్నా మనోవర్తి ఇవ్వవలసిందేనని సుప్రీంకోర్టు 2025లో చెప్పవలసి వచ్చింది. తొమ్మిదో సెక్షనును 2019లో న్యాయశాస్త్ర విద్యార్థులు సుప్రీంకోర్టులో సవాలు చేశారు. మన విద్యార్థులు ఈ సంగతి గమనించాలి.

ఇక రెండోవైపు చూద్దాం. భర్త క్రూరత్వాన్ని ప్రత్యేక నేరంగా చేసిన 498-ఏ సెక్షను 1983లో గాని రాలేదు. భార్యకు తానున్న ఇంట్లో వుండే హక్కును ఇచ్చి, లైంగిక హింసను కూడా గృహహింసలో చేర్చిన చట్టం 2005లో గాని రాలేదు. భర్త బలవంతం అత్యాచారం కాదన్న పాత మినహాయింపు, 2024 జులైలో అమలులోకి వచ్చిన కొత్త న్యాయసంహితలో కూడా, పద్దెనిమిదేళ్ళు నిండిన భార్య విషయంలో అలాగే వుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో, పెళ్ళయిన స్త్రీలలో నూటికి 29 మంది భర్త చేతిలో శారీరక లేక లైంగిక హింస ఎరిగినవారు. ఇది కొందరు చెడ్డ మొగుళ్ళ కథ కాదు.

ఆలుమగల మధ్య ఎడం రావడానికి కారణాలు అనేకం వుంటాయి. రోగం, భయం, అజ్ఞానం, చాకిరీ అలసట, వరస కాన్పులు – వీటిని డాక్టరుతో మాట్లాడి, ఒకరితో ఒకరు మాట్లాడి సరిదిద్దుకోవచ్చు. కాని కాదనగల స్వేచ్ఛ వున్నచోటనే అవుననడానికి అర్థం వుంటుంది. ఆ స్వేచ్ఛ లేనిచోట వున్నది చనువు కాదు, లొంగుబాటు. డిక్రీగాని దెబ్బగాని లొంగుబాటును తేగలవు, చనువును తేలేవు. కొట్టినవాడికి ఓర్పుతో మార్పు తెమ్మని భార్యకు హితవు చెప్పే పెద్దలు ఈ తేడాను మరుగుపరుస్తున్నారు.

ఆ పెద్దలలో మనవారు లేరా? విప్లవం వస్తే ఇవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని, అందాకా ఇంటి సంగతులు ఎత్తరాదని చెప్పేవారు మన సంఘాలలోనే వున్నారు. తెలంగాణా సాయుధ పోరాటంలో స్త్రీలు తుపాకులు పట్టారు, కొరియర్లుగా నడిచారు. పోరాటం 1951లో ముగిశాక వారిని ఇళ్ళకు పొమ్మన్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ స్త్రీలే తమ నోటితో ఈ బాధ చెప్పుకున్నారు. ఎంగెల్స్‌ను చదివిన ఉద్యమం సైతం ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయిందన్న మాట.

ఎంగెల్స్‌ను సరిగా చదివితే తేలేది వేరు. కాదనడానికి స్త్రీకి కాలు మోపే చోటు కావాలి. ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసి కూతురికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు. అయినా వాటా వదులుకొని సంతకం పెట్టే ఆడపడుచు "మంచి" ఆడపడుచు అనిపించుకుంటూనే వుంది. ఆ సంతకానికీ, తరువాత ఆమె తినే దెబ్బకూ సంబంధం వుంది. పుట్టింట చోటు లేనిదనీ, ఎక్కడికీ పోలేదనీ భర్తకు తెలుసు.

కనుక నా అభిప్రాయంలో మన పని రెండు విధాల వుంది. తొమ్మిదో సెక్షనూ, న్యాయసంహితలోని మినహాయింపూ పోవాలని బహిరంగంగా అడగాలి. కూతుళ్ళ వాటా, 2005 చట్టపు రక్షణాధికారులు, ఆశ్రయ గృహాలు – ఇవి మన జిల్లాలలో ఎలా పనిచేస్తున్నాయో ఉపాధ్యాయులూ విద్యార్థులూ విచారించి రాయాలి. రెండోది ఇంతకన్న కష్టం. మన సంఘ సభ్యుడొకడు ఇంట్లో భార్యను కొడుతున్నాడని తెలిసినప్పుడు, అది అతని సొంత విషయమని తప్పుకోకుండా సంఘంలోనే అతన్ని నిలబెట్టి అడగాలి. ఆ భార్య వెళ్ళిపోతానంటే తోడు వెళ్ళాలి, వుంటానంటే ఆమె వుండడానికి కొట్లాడాలి. ఆ నిర్ణయం ఆమెది. రఖ్మాబాయి 1887లో బొంబాయి హైకోర్టును అడిగింది కూడా ఇంతే.