ముదిమి నడకకు కొలత

ముదుసలి యొకడు కుర్చీనుండి లేచును. నాలుగడుగులు నడచి, వెనుదిరిగి, మరల వచ్చి కూర్చుండును. ప్రతి యింటను నిత్యము కాననగు ఈ చిన్నపనిని వైద్యులు పరీక్షగా నెంచి, గడియారము చేతబట్టి కొలుచుటకు చాలకాలము పట్టినది. ఆ కథనే మేమిచ్చట చెప్పదలచితిమి.

నిలుకడను పరీక్షించు ఆచారము వృద్ధులకొఱకు పుట్టినది కాదు. 19వ శతాబ్ది నడుమ బెర్లిను నగరమున మోరిట్జ్ రోంబెర్గ్ అను వైద్యుడు, వెన్నుపాము చెడిన రోగులు కన్నులు తెఱచియున్నంతవఱకు నిలువగలిగి, మూయగనే తూలుటను తన నాడీరోగ గ్రంథమున వర్ణించెను. పాదములు చేర్చి నిలుచుండి కన్నులు మూయుమని వైద్యులు నేడును చెప్పు పరీక్షకు ఆయన పేరే నిలిచినది. కన్ను, లోచెవి, పాదములనుండియు కీళ్లనుండియు వచ్చు స్పర్శజ్ఞానము, ఈ మూడును కలిసి మనిషిని నిలుపుచున్నవి. ఒకటి తప్పినను తక్కినవి కొంత ఆదుకొనును. ముదిమియందు మూడును ఒక్కసారిగా మందగించుట కలదు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

అయినను వృద్ధులు పడుటను వైద్యులు చాలకాలము వయోధర్మముగానే తలచి ఊరకుండిరి. ఈ యుపేక్షను సహింపనివారిలో ఇంగ్లండునందలి వుల్వర్‌హాంప్టన్ వైద్యుడు షెల్డన్ ముఖ్యుడు. 1948లో ఆయన ఆ పట్టణపు వృద్ధుల జీవనమునుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. 1960లో 202 మంది పడిన 500 పాటులను ఒక్కొక్కటిగా విచారించి వ్రాసెను. ఎట్లు పడిరి? మెట్లమీదనా? తల త్రిప్పినపుడా? వానిలో సుమారు నాలుగవ వంతు, స్పృహ తప్పకయే కాళ్లు హఠాత్తుగా కూలిపోవుటవలన కలిగినవి. అడిగినవారికే యివి తెలిసినవి. పడితిమని చెప్పినచో గడప దాటనీయరేమో యని దాచు పెద్దలు మన యిండ్లలోను కలరు.

తరువాత 1986లో రెండు పరీక్షలు వెలువడినవి. అమెరికాలో మేరీ టినెట్టీ ఏర్పఱచినదానికి, నేడు వాడుకలోనున్న రూపమున, నిలుకడకు 16, నడకకు 12, మొత్తము 28 మార్కులు. ఐజాక్స్ మొదలగువారిది మఱింత సులభము: లేచి నడచి వచ్చి కూర్చుండుటను చూచి ఒకటి మొదలు అయిదువఱకు అంకె వేయుటయే. కాని చూచువాని కన్నునుబట్టి అంకె మాఱవచ్చును గదా! 1991లో కెనడాయందు పోడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అను నిరువురు అంకెకు బదులు సెకండ్లను లెక్కించిరి. చేతులున్న కుర్చీ, మూడు మీటర్ల దూరము, అలవాటైన చెప్పులు, అలవాటున్నచో చేతికఱ్ఱ, ఇంతే సామగ్రి. ఇరువది సెకండ్లలోపల ముగించువారు చాలవఱకు స్వతంత్రముగా మెలగువారనియు, ముప్పది దాటినవారికి పరుల సాయము కావలయుననియు వారు కనిరి. ఇంతమాత్రముచే ఎవరు పడుదురో నిశ్చయించుట సాధ్యము కాదని తరువాతి పరిశీలనలు తెలిపినవి.

మాకు మిక్కిలి నచ్చినది మాత్రము 1997లో స్వీడనునందు జరిగినది. వృద్ధులు నడచుచుండగా పరీక్షకులు మాటలు కలిపిరి. 58 మందిలో 12 మంది బదులు చెప్పుటకు నడక ఆపిరి. ఆఱు నెలలలో ఆ పన్నిద్దరిలో పదిమంది పడిరి! నడకయే వారి బుద్ధినంతయు ఆక్రమించుకొని, మాటకు చోటు మిగుల్చలేదన్నమాట.

కుర్చీతో కొలుచుట కుర్చీలున్న దేశములకు తగినది. చాపమీదను పీటమీదను కూర్చుండు మనవారికి నేలనుండి లేచుటయే అసలు పరీక్ష. బ్రెజిలునందలి అరౌజో మొదలగువారు దీనికిని మార్కులేర్పఱచిరి: కూర్చుండుటకు అయిదు, లేచుటకు అయిదు. చేయి యానించినను, మోకాలు యానించినను ఒక్కొక్క మార్కు పోవును; తూలినచో అర మార్కు.