మూడుముళ్లకు రెండేళ్ల గడువు

శాశ్వతమన్న మాటకు షరతు తగిలించడం మన నిఘంటువులకు మింగుడుపడని సంగతి. అమెరికా వలస చట్టానికి మాత్రం 1986 నుండి అది అలవాటే. ఆ దేశపు పౌరుణ్ణో శాశ్వత నివాసినో వివాహమాడి, పెళ్లయి రెండేళ్లు నిండకముందే గ్రీన్ కార్డు పొందినవారికి దక్కేది షరతులతో కూడిన శాశ్వత నివాసం. ఆ కార్డు మీద రెండేళ్ల గడువు ఉంటుంది. గడువుకు ముందరి 90 రోజులలో దంపతులిద్దరూ సంతకాలు చేసి ఐ-751 అనే దరఖాస్తు పెట్టుకుంటే షరతు తొలగుతుంది. మరి ఈలోగా విడాకులైతే ఆ రెండో సంతకం ఎవరు పెడతారు? ఈ ప్రశ్నకు నేడున్న జవాబు ఒక్కనాటిలో వచ్చినది కాదు. మన తెలుగు ఇళ్లనుండి వెళ్లిన ఆడపిల్లలకూ సంబంధించిన విషయం గనుక, దాని వెనుకటి కథను కొంత చెప్పుకుందాం.

బూటకపు పెళ్లిళ్ల భయం అమెరికాకు పాతదే. రెండవ ప్రపంచయుద్ధం తరువాత సైనికుల భార్యలకోసం చేసిన చట్టాన్ని అడ్డుపెట్టుకుని ఉత్తుత్తి పెళ్లిళ్లు నడిపినవారి శిక్షలను 1953లో లుట్వాక్ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1975లో బార్క్ కేసులో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు మరొక సూత్రాన్ని స్పష్టం చేసింది. కలిసి జీవించాలన్న తలంపు పెళ్లినాడు ఆ ఇద్దరికీ ఉన్నదా అన్నదే చూడవలసిన విషయమనీ, తరువాత విడిపోయినంత మాత్రాన ఆ పెళ్లి బూటకమైపోదనీ చెప్పింది. నిజమైన పెళ్లిళ్లు కూడా విరిగిపోతాయన్న లోకజ్ఞానం ఆ తీర్పులో ఉంది.

పదేళ్లు గడిచేసరికి గాలి మారింది. 1985లో సెనేట్ ఉపసంఘం ముందు వలస శాఖ కమిషనర్ ఆలన్ నెల్సన్, పెళ్లి ఆధారంగా వచ్చే దరఖాస్తులలో దాదాపు 30 శాతం మోసపూరితమని తమ శాఖ అంచనాగా చెప్పారు. ఆ అంకె అందరి నోళ్లలో నానింది. అది రుజువైన మోసాల లెక్క కాదనీ, అనుమానించిన దరఖాస్తుల లెక్క అనీ తరువాతి వ్యాజ్యాలలో బయటపడింది. అప్పటికే చట్టం వచ్చేసింది. 1986 నవంబరు 10న అధ్యక్షుడు రేగన్ సంతకంతో వలస వివాహ మోసాల సవరణ చట్టం అమలయింది. రెండేళ్ల షరతు పుట్టినది అప్పుడే.

చట్టకర్తలు విడాకులను పూర్తిగా మరచిపోలేదు. ఉమ్మడి సంతకం లేకున్నా ఒంటరిగా దరఖాస్తు చేసుకోవడానికి రెండు మినహాయింపులు ఉంచారు. దేశం నుండి పంపివేస్తే తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపడం మొదటిది. పెళ్లి సద్బుద్ధితోనే చేసుకున్నామని, తగిన కారణం ఉండి తానే ఆ పెళ్లిని రద్దు చేయించుకున్నానని చూపడం రెండవది. "తానే", "తగిన కారణం" అన్న రెండు మాటలలోనే చిక్కంతా ఉంది. భర్త ముందుగా కోర్టుకు వెళ్లి విడాకులు పుచ్చుకుంటే ఆ దారి మూసుకుపోయేది. పోనీ భార్యే వెళ్లినా తగిన కారణాన్ని ఎలా చూపడం? 1970 నుండి అమలయిన కాలిఫోర్నియా చట్టం మొదలుకొని రాష్ట్రాలు ఎవరి తప్పూ ఎంచకుండానే విడాకులిచ్చే పద్ధతికి మారుతూ వచ్చాయి. అలాంటి డిక్రీలో తప్పెవరిదో రాసి ఉండదు. కుటుంబ న్యాయస్థానం అడగడం మానేసిన ప్రశ్నను వలస శాఖ అడగసాగింది. దెబ్బలు తింటూ, ఆ రెండో సంతకం కోసం నోరు మెదపక పడి ఉండవలసిన స్త్రీల పరిస్థితి ఎలాంటిదో ఊహించవచ్చు. భర్త చేతి కలం ఆమెకు వీసా అధికారి అయింది.

ఈ అన్యాయాన్ని మహిళా సంఘాలు, వలసదారుల తరఫు న్యాయవాదులు ఎత్తిచూపగా, ప్రతినిధుల సభలో లూయీస్ స్లాటర్ వంటివారు దిద్దుబాటుకు పూనుకున్నారు. 1990 నవంబరు 29న వచ్చిన వలస చట్టం ఆ రెండు మాటలనూ కొట్టివేసింది. విడాకులు ఎవరు కోరారన్నది, ఎవరి తప్పన్నది ఇక అక్కర్లేదు. పెళ్లి సద్బుద్ధితో జరిగిందని చూపితే చాలు. హింసకు, తీవ్ర క్రూరత్వానికి గురైనవారికి విడిగా మరొక మినహాయింపు ఏర్పడింది. దానికి విడాకులు కూడా అవసరం లేదు. అయితే 1991 నాటి నియమాలు మానసిక క్రూరత్వాన్ని నిపుణుల చేత ధ్రువీకరింపజేయమన్నాయి. 1994 నాటి స్త్రీలపై హింస నిరోధక చట్టం ఆ బిగింపును సడలించి, నమ్మదగిన ఏ సాక్ష్యాన్నైనా పరిశీలించాలంది. ఆ విధంగా 1975 నాటి కోర్టు అడిగిన ప్రశ్న దగ్గరకే చట్టం తిరిగి వచ్చింది.

విడాకుల మినహాయింపుకు 90 రోజుల కిటికీ వర్తించదు. పెళ్లి చట్టప్రకారం ముగిసిన తరువాత ఎప్పుడైనా ఒంటరిగా దరఖాస్తు చేయవచ్చు. కేసు ఇంకా నడుస్తుండగా దరఖాస్తు చేసినవారిని వెంటనే తిరస్కరించక, డిక్రీ సమర్పించడానికి గడువు ఇవ్వాలని 2009లో అధికారులకు సూచన వెళ్లింది. నిరూపించుకునే భారం దరఖాస్తుదారుదే. ఇద్దరి పేర్ల మీద ఉన్న అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, పన్ను పత్రాలు, బీమా, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఎరిగినవారి ప్రమాణ పత్రాలు: కాపురానికి ఇవే సాక్షులు. కాదన్నా కథ ముగియదు. వలస న్యాయస్థానంలో న్యాయమూర్తి ఆ సాక్ష్యాన్ని మళ్లీ మొదటినుండి పరిశీలించవచ్చు. షరతుతో గడిపిన రెండేళ్లు పౌరసత్వానికి కావలసిన అయిదేళ్లలో చేరతాయి. దాంపత్యంలో కొనసాగేవారికున్న మూడేళ్ల వెసులుబాటు మాత్రం విడాకులతో పోతుంది.

మనవారికి ఇందులో మరొక మెలిక ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట విషయంలో భర్త 1980లో అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుండి విడాకుల డిక్రీ పొంది, మరుసటి ఏడు యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య నేరారోపణ చేయగా, 1991 జులైలో మన సుప్రీంకోర్టు ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదన్నది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, ఆమె అంగీకరించని కోర్టు ఇచ్చిన డిక్రీ అది. గ్రీన్ కార్డుతో సంబంధం లేని కేసే అయినా, అమెరికాలో విడాకులు పుచ్చుకుని షరతు తొలగించుకున్నంతలో ఇక్కడి పెళ్లి కూడా తెగిపోయిందనుకోరాదన్న హెచ్చరిక అందులో ఉంది. అక్కడి అధికారి చూసేది కార్డునే. ఇక్కడి బంధాన్ని ఇక్కడి చట్టం వేరుగా చూస్తుంది.

1986 నుండి 1990 వరకు నాలుగేళ్లే. ఆ నాలుగేళ్లలో ఎందరు ఆ సంతకం కోసం నోరు మూసుకుని ఉన్నారో లెక్క కట్టినవారు లేరు. చట్టం మారి దశాబ్దాలు గడిచినా, విడాకులంటే విమానమెక్కి తిరిగి రావడమేనన్న నమ్మకం మనవాళ్లలో పోలేదు. "కార్డు వచ్చేదాకా ఓర్చుకో తల్లీ" అని ఫోనులో చెప్పే పెద్దలు ఈనాటికీ ఉన్నారు. వారికి చెప్పవలసిన మాట ఒక్కటే: ఆమె ఓర్చుకోవాలని చట్టం అడగడం మానేసింది 1990లోనే.