ఓటమి కారణం మారిన రాత్రి

తెర మీద గడియారం ఇంకా సున్నా దగ్గరే ఉంది. చుట్టూ చీకటి, నడుమ చిన్న వెలుగు. ఆ వెలుగులో ఒక టౌన్ సెంటర్, ముగ్గురు విలేజర్లు, గుర్రం మీద ఒక స్కౌట్. పైన పట్టీలో నీ ఆస్తి అంతా కనిపిస్తోంది: 200 వుడ్, 200 ఫుడ్, 100 గోల్డ్, 200 స్టోన్. మ్యాప్ పేరు అరేబియా. అవతలి మనిషి ఎవరో, ఏ దేశంలో కూర్చున్నాడో తెలీదు. అతనికీ నీలాగే ముగ్గురే ఉన్నారని మాత్రం తెలుసు.

"ముందు ఏటి సేస్తావు?" వెనక మంచం మీంచి అన్నయ్య అడుగుతాడు. పెద్దమ్మ కొడుకు. అచ్యుతాపురంలో షిఫ్టు దిగి, స్నానం చేసి, తడి తలతోనే వచ్చి కూర్చున్నాడు.

హెచ్ నొక్కుతావు. టౌన్ సెంటర్ చేతికొస్తుంది. క్యూ నాలుగుసార్లు నొక్కుతావు. ఒక్కో విలేజర్‌కి 50 ఫుడ్. నాలుగు యాభైలు రెండువందలు. ఖజానాలో ఫుడ్ సున్నా అయిపోయింది.

"అదీ. ఫుడ్ దాచుకోడానికి కాదురా, మనుషుల్ని చెయ్యడానికి."

కిటికీ తెరిచే ఉంది. గవరపాలెం మీద జనవరి చలి. కింద వీధిలో రేపటి మార్కెట్టుకి బెల్లం దిమ్మలు తోలుకెళ్తున్న వ్యాను గేరు మార్చుకుంటోంది. దూరంగా హౌరా-చెన్నై లైను మీద గూడ్సు బండి కూత. నీ హెడ్‌ఫోన్స్‌లో మాత్రం గొర్రె అరుస్తోంది. స్కౌట్‌కి మొదటి మంద దొరికింది.

ఈ ఆట నీ కంటే పెద్దది. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2'ని ఎన్‌సెంబుల్ స్టూడియోస్ చేస్తే, మైక్రోసాఫ్ట్ 1999లో విడుదల చేసింది. అన్నయ్య కాలేజీ రోజుల్లో నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి నేర్చుకున్నాడు. 2019లో 'డెఫినిటివ్ ఎడిషన్' వచ్చాక మళ్లీ పట్టుకున్నాడు. 2022లో వచ్చిన 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా'లో బెంగాలీలు, ద్రవిడులు, గుర్జరులు కొత్త నాగరికతలుగా చేరారు. రాజేంద్ర చోళుడి దండయాత్రలే కథగా ఒక కాంపెయిన్ కూడా ఉంది. నువ్వు ద్రవిడుల్నే ఎంచుకోబోయావు. మన దక్షిణాది పేరు అక్కడ చూస్తే ఎవరికి మనసాగుతుంది? అన్నయ్యే ఆపాడు. "ముందు ఫ్రాంక్స్‌తో నేర్చుకో. పొలాల అప్‌గ్రేడ్లు ఉచితం, గుర్రాలకి ప్రాణం ఎక్కువ. ఆలోచించాల్సినవి తగ్గుతాయి."

రెండో నిమిషం దాటింది. ఆరుగురు గొర్రెల దగ్గర ఉన్నారు. ఆ తర్వాత పుట్టినవాళ్లని చెట్ల వైపు పంపుతున్నావు. స్కౌట్‌ని వలయంగా తిప్పుతూ చీకటి తొలగిస్తుంటే భలే సరదాగా ఉంది. అక్కడ బంగారం గని, ఇక్కడ జింకలు, ఆ గుట్ట వెనక అడవిపంది.

"టీసీ," అంటాడు అన్నయ్య.

ఉలిక్కిపడి హెచ్ నొక్కుతావు. టౌన్ సెంటర్ ఊరికే ఉంది. ఎప్పటినుంచి ఊరికే ఉందో నీకు తెలీదు.

పంది దగ్గరికి ఒక విలేజర్‌ని పంపుతావు. బాణం వేసి వెనక్కి పరిగెత్తించాలి. పంది వెంటపడుతుంది. టౌన్ సెంటర్ దాకా తెచ్చి మిగతావాళ్లందరి చేతా కొట్టించాలి. 340 ఫుడ్ ఉన్న జంతువు అది. విలేజర్ ప్రాణం 25. పంది ఒక్కసారి పొడిస్తే 7 పోతుంది. నువ్వు వెనక్కి తిప్పడం కాస్త ఆలస్యం చేశావు. ఒక పోటు, రెండు, మూడు. నాలుగు ప్రాణాలతో విలేజర్ బయటపడతాడు, పంది కూలుతుంది. పిడికిలి బిగించి "యెస్" అంటావు.

"టీసీ."

మళ్లీ ఊరికే ఉంది.

ఆటలో తర్వాతి దశ అయిన ఫ్యూడల్ ఏజ్‌కి వెళ్లే బటన్ నొక్కేసరికి గడియారం 12:05. ఇక 130 సెకన్లపాటు టౌన్ సెంటర్ ఆ పనిలోనే ఉంటుంది. ఊపిరి పీల్చుకుందామనుకునేలోపే మ్యాప్ అంచున ఎర్రచుక్కలు. మూడు గుర్రాలు నేరుగా నీ కట్టెకొట్టేవాళ్ల మీదికి వస్తున్నాయి. ఈటెగాళ్లుంటే గుర్రాలు దగ్గరికి రావు. ఈటెగాళ్లు కావాలంటే బ్యారక్స్ కావాలి, ఫ్యూడల్ ఏజ్ రావాలి. నీకు రెండూ లేవు. ఒక విలేజర్ పడిపోయాడు. ఇంకొకడు. కంగారులో గంట కొట్టే బటన్ నొక్కుతావు. గొర్రెలు కోసేవాడు, పళ్లు ఏరేవాడు, చెట్టు కొట్టేవాడు, అందరూ పని వదిలి టౌన్ సెంటర్లోకి పరుగు. మూడు గుర్రాలు నీ ఊరంతటినీ ఆపేశాయి.

తర్వాత జరిగింది తొందరగానే జరిగింది. నువ్వు ఈటెగాళ్లని తయారుచేసేసరికి అతను క్యాసిల్ ఏజ్‌లో ఉన్నాడు. నైట్లు వచ్చాయి. ఓటమి ఒప్పుకుంటూ "జీజీ" అని కొట్టి లేవబోతావు.

"ఎక్కడికి? అసలు ఆట ఇప్పుడే మొదలు," అంటూ అన్నయ్య మంచం దిగి కుర్చీ లాక్కుంటాడు. రికార్డెడ్ గేమ్స్ తెరుస్తాడు. ఇప్పుడు చీకటి లేదు. రెండు ఊళ్లూ ఒకేసారి కనిపిస్తున్నాయి.

"ఎందుకు ఓడిపోయావు?"

"గుర్రాలొచ్చాయి అన్నయ్యా. ఈటెగాళ్లు లేరు."

"సూద్దాం."

అతని టౌన్ సెంటర్ మీద ఆపుతాడు. అవతలి మనిషి ఫ్యూడల్ బటన్ నొక్కింది 8:40కి. నీ టౌన్ సెంటర్ మీద ఆపి కాగితం తీసుకుంటాడు. ఒక విలేజర్ పుట్టడానికి 25 సెకన్లు. మొదటి ముగ్గురికి పద్దెనిమిది మందిని కలిపితే 450 సెకన్లు, లూమ్ అనే విద్య నేర్చుకోడానికి ఇంకో 25. ఎక్కడా ఆగకుండా చేస్తే, స్కౌట్‌తో కలిపి 22 జనాభాతో 7:55కి బటన్ నొక్కొచ్చు. నువ్వూ అదే జనాభాతో 12:05కి నొక్కావు. తేడా 250 సెకన్లు. పాతికతో భాగిస్తే పది.

"పదిమంది విలేజర్లు పుట్టనేలేదు. గుర్రాలు సంపింది ఇద్దర్నే."

ఆ లెక్క వైపు చూస్తూ ఉండిపోతావు. నీ కళ్లకి కనిపించిన యుద్ధంలో ఇద్దరు పోయారు. కనిపించని చోట పదిమంది పోయారు. స్కౌట్ సరదాలో కొందరు, పంది ఉత్సాహంలో కొందరు. నార్వే ఆటగాడు ద వైపర్, ఈ ఆటలో ప్రపంచం ఎరిగిన పేరు, అతను ఫ్రాంక్స్‌తో కూర్చున్నా విలేజర్ పుట్టడానికి అదే 25 సెకన్లు పడుతుంది. అతని వేళ్ల వేగం నీకు రాకపోవచ్చు. ఆ 25 సెకన్లు మాత్రం నీకూ అతనికీ సమానం. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకన్నా ధైర్యమిచ్చే మాట ఈ ఆటలో లేదు.

నాన్న గుమ్మంలో నిలబడతారు. "అన్నం చల్లారిపోతంది. ఆన్‌లైన్ ఆటలు ఆపేశారని పేపర్లో వేశారు, ఇదేనా?"

"ఇది కాదు బాబాయ్," అన్నయ్య లేచి నిలబడతాడు. "2025 ఆగస్టులో వచ్చిన చట్టం ఆపింది డబ్బు పెట్టి ఆడేవాటిని. ఇలాంటి పోటీల్ని ఈ-స్పోర్ట్స్ అని అదే చట్టం విడిగా గుర్తించింది. 2018 ఏషియన్ గేమ్స్‌లో ఈ తరహా ఆటే, స్టార్‌క్రాఫ్ట్ 2, ప్రదర్శన పోటీగా పెట్టారు. ఇందులో పైసా పందెం లేదు."

నాన్న తెర మీదికి వంగి చూస్తారు. అన్నయ్య టౌన్ సెంటర్ చూపించి, అది ఆగిపోవడం వల్ల ఓడిపోయామని చెప్తాడు. కుర్రతనంలో నాన్న చెరకు గానుగల దగ్గర పనిచేశారు. "పెనం కింద పిప్పి ఎగదోసేవాడు పాకం సూడ్డానికి లేసొస్తే అంతే," అంటారు. "మంట తగ్గుద్ది, దిమ్మ కట్టదు. పాకం అందరూ సూస్తారు. మంట ఒక్కడే సూడాల." చెప్పి, అన్నానికి రమ్మని మళ్లీ హెచ్చరించి వెళ్లిపోతారు.

అన్నం తిన్నాక వెంటనే రెండో ఆటకి వెళ్లవు. ఆటలోనే 'ది ఆర్ట్ ఆఫ్ వార్' అని శిక్షణ పాఠాలున్నాయి. మొదటి నిమిషాల ఆర్థికం నేర్పే పాఠం తెరుస్తావు. శత్రువు లేడు, గడియారమే ప్రత్యర్థి. ఏదైనా పని చెయ్యి, ప్రతి పనికీ మధ్య హెచ్, క్యూ. ఇల్లు కట్టించు, హెచ్, క్యూ. గొర్రెని లాక్కురా, హెచ్, క్యూ. మొదట్లో వేళ్లు తడబడతాయి. కాసేపటికి నువ్వు చెప్పకుండానే వెళ్తుంటాయి.

"ఇప్పుడు ర్యాంక్డ్ ఎక్కు. గెలుపు మాట వద్దు. టీసీ ఆగకూడదు, అంతే."

"మళ్లీ ఓడిపోతే నెంబర్ ఇంకా పడిపోద్ది కదా?"

"పడనీ. ఆ నెంబరు నిన్ను కొట్టడానికి లేదు, నీకు సరిజోడుని ఎతకడానికుంది."

ఆ మాట నిజం. చదరంగం కోసం ఆర్పాద్ ఎలో అనే భౌతికశాస్త్రవేత్త చేసిన లెక్క అది. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో దాన్ని స్వీకరించింది. ఈ ఆట ర్యాంకింగులోనూ ఆయన పేరే వాడతారు. కొత్తవాడు వెయ్యి దగ్గర మొదలై, ఓడినకొద్దీ కిందికి జారి, తనలాంటివాళ్లు దొరికే చోట ఆగుతాడు. అక్కడినుంచి గెలుపూ ఓటమీ దాదాపు సగం సగం. ఆ మెట్టుదాకా ఓపిక పట్టలేకే చాలామంది మానేస్తారు.

మళ్లీ సున్నా. మళ్లీ ముగ్గురు. ఈసారి స్కౌట్ ఎక్కడ తిరుగుతోందో నీకు సరిగ్గా తెలీదు, ఫరవాలేదు. పంది వస్తోంది, హెచ్, క్యూ, పంది పడింది. ఫ్యూడల్ బటన్ 9:10కి నొక్కుతావు. ఆ 130 సెకన్లలో బ్యారక్స్ లేపుతావు. గుర్రాలు వచ్చేసరికి ముగ్గురు ఈటెగాళ్లు కట్టెకొట్టేవాళ్ల పక్కన నిలబడి ఉన్నారు. గుర్రాలు ఒకసారి చుట్టూ తిరుగుతాయి, దారి దొరక్క వెనక్కి మళ్లుతాయి. గంట కొట్టలేదు. ఒక్కరూ పని ఆపలేదు. చేతులు వణుకుతున్నాయి, అయినా హెచ్, క్యూ ఆగలేదు.

పొలాలు వేస్తావు. క్యాసిల్ ఏజ్‌కి చేరి రెండో టౌన్ సెంటర్ కడతావు. నైట్లు బయల్దేరతాయి. నీ సైన్యం అవతలి ఊరి గోడ దాకా వెళ్లడం ఇదే మొదటిసారి. అక్కడ పైక్‌మెన్ కాసుకుని ఉన్నారు. నైట్లు కరిగిపోతాయి. వెనక నుంచి కొత్తవి రావాలి, రావడం లేదు. పది నిమిషాల్లో ఆట ముగుస్తుంది. ఓడిపోయావు.

ఈసారి రికార్డింగు నువ్వే తెరుస్తావు. కాగితం నువ్వే తీసుకుంటావు. ఈటెగాళ్ల దగ్గర తప్పు లేదు, దాటించెయ్. ఫ్యూడల్ దగ్గర నిమిషం పైన, సర్లే. 24:10 దగ్గర ఆపుతావు. పైన పట్టీలో జనాభా 60/60. ఇళ్లు నిండిపోయాయి. 25:30 దాకా అదే అంకె. ఎనభై సెకన్లు రెండు టౌన్ సెంటర్లూ, గుర్రాల శాలా నోరు మూసుకుని ఉన్నాయి. యుద్ధం చూస్తూ ఇల్లు కట్టడం మరిచావు. ఒక ఇల్లు 25 వుడ్. నీ దగ్గర అప్పుడు నాలుగొందల పైన ఉంది.

"ఇళ్లు," అంటావు, అన్నయ్య అడక్కముందే.

అన్నయ్య మొహం వెలిగిపోతుంది. "ఇందాక ఎందుకు ఓడావో నీకు తెలీదు. ఇప్పుడు తెలుసు. పైగా ఇందాకటి కారణం కాదు."

నేర్చుకోవడాన్ని కొలవడానికి ఇంతకంటే నిక్కమైన కొలత లేదు. గెలుపు అవతలివాడి బలాన్ని బట్టి వస్తుంది, పోతుంది. నెంబరు పెరుగుతుంది, తగ్గుతుంది. నిన్నటి కారణానికే ఇవాళ మళ్లీ ఓడితే ఉన్నచోటే ఉన్నావు. కారణం మారిందంటే ఒక మెట్టు నీ కాలి కిందికి వచ్చింది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఈ ఆటలో గొప్పతనం అదే: ప్రతి ఓటమినీ గడియారంతో సహా రాసి నీ చేతికిస్తుంది. చదువుకునే ఓపిక ఉంటే చాలు.

కాగితం మీద పాత లెక్క కొట్టేసి, కింద రేపటి పని రాస్తావు: టీసీ ఆగకూడదు. అరవై నిండేలోపు డెబ్భైకి ఇళ్లు.