తిరుపతి ముడుపు, లండన్ వాటాదారు

పుత్తూరు దాటి తిరుపతి వైపు వచ్చే మద్రాసు రోడ్డు మీద ఉంది వడమాలపేట. పెరటాసి నెల వచ్చిందంటే చాలు, పసుపు గుడ్డలు కట్టిన తమిళ యాత్రికులు గుంపులు గుంపులుగా గోవింద నామాలు చెప్పుకుంటూ ఈ దారినే నడిచిపోతారు. కొండెక్కాక కొప్పెరలో వేయాల్సిన ముడుపు భద్రంగా మూటలో ఉంటుంది. రెండు వందల ఏళ్ల కిందట కొప్పెరలో పడిన సొమ్ములో స్వామివారి ఖర్చులు పోగా మిగిలినది ఒక కంపెనీ ఖజానాకు చేరేది. ఆ కంపెనీ ఆఫీసు లండన్‌లో, లెడెన్‌హాల్ వీధిలో. దానికి 24 మంది డైరెక్టర్లు. పేరు ఈస్టిండియా కంపెనీ, మనవాళ్ల నోట కుంఫిణీ.

కంపెనీ డైరెక్టరు వాటాదారుల లాభమే చూడాలా, ఊరినీ నీటినీ మనుషులనూ కూడా పట్టించుకోవాలా అన్న చర్చ ఇప్పుడు ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) పేరుతో నడుస్తోంది. ఆ పేరు 2004లో ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్ తెచ్చిన నివేదికతో వాడుకలోకి వచ్చింది. తగవు మాత్రం అంతకంటే చాలా పాతది. అందులో ఒక పెద్ద ఘట్టానికి తిరుపతి ఆదాయమే ఒక కారణం.

1750ల యుద్ధాల్లో ఆర్కాటు నవాబు అప్పులపాలై తిరుపతి రాబడిని కుంఫిణీకి రాసిచ్చాడు. 1801లో కర్ణాటక రాజ్యమంతా కుంఫిణీ చేతికి రావడంతో గుడి నిర్వాహకం కూడా దానికే దక్కింది. ఉత్తర ఆర్కాటు జిల్లా కలెక్టరు చిత్తూరులో కూర్చుని ఏడుకొండలవాడి జమాఖర్చులు చూసేవాడు. 1803లో కలెక్టరు స్ట్రాటన్ గుడి వ్యవహారాలపై నివేదిక పంపాడు. 1821లో బ్రూస్ దొర పేరుతో ఒక నిబంధనావళే తయారైంది. పూజలు ఎలా జరగాలి, ఎవరికి ఏం ముట్టాలి, లెక్క ఎలా రాయాలి అన్నీ అందులో ఉన్నాయి. దొరతనం దేవుణ్ణి నమ్మకపోయినా దేవుడి పద్దును మాత్రం బాగానే నమ్మింది.

లండన్ డైరెక్టర్లకు ఇందులో తప్పేమీ కనబడలేదు. ఆదాయం పెరగాలి, వాటాదారుకు డివిడెండు అందాలి. వాళ్ల లెక్కలో డైరెక్టరు ధర్మం అంతే.

అడ్డు తగిలింది బయటివాడు కాదు, వాటాదారే. జాన్ పాయిండర్ లండన్‌లో ఒక వకీలు. కుంఫిణీ వాటాలు ఉన్నాయి కాబట్టి వాటాదారుల సభలో లేచి మాట్లాడే హక్కు ఉంది. ఆ హక్కును అతను వదల్లేదు. 1827 మార్చిలో సతీసహగమనం మీద రెండు రోజుల పాటు సభను నిలదీశాడు. తర్వాత యాత్రికుల సొమ్ము మీద పడ్డాడు. పూరీ జగన్నాథం, గయ, ప్రయాగలతో పాటు తిరుపతి పేరు కూడా ఎత్తి, ఇన్నేళ్లలో కంపెనీ ఇంత తిన్నదని లెక్క చెప్పాడు. విగ్రహారాధన మీద వచ్చే లాభం క్రైస్తవ కంపెనీకి తగదన్నది అతని వాదం. ఇప్పుడు వార్షిక సభల్లో బొగ్గు గురించో సిగరెట్ల గురించో తీర్మానం పెట్టే వాటాదారులకు అతన్ని తాతగా చెప్పుకోవచ్చు. యాత్రికుడి మీద జాలితో మాత్రం అతను లేవలేదు. అతన్ని కలవరపెట్టింది తన డివిడెండుకు అంటిన పాపం.

ఇంగ్లండులో గాలి అప్పటికే మారింది. 1833 ఫిబ్రవరి 20న డైరెక్టర్ల పేర ఇండియాకు ఒక ఉత్తర్వు వెళ్లింది: యాత్రికుల పన్ను తీసేయాలి, గుళ్ల నిర్వాహకం నుంచి దొరలు తప్పుకోవాలి. కాగితం వచ్చింది గానీ పని సాగలేదు. మూడేళ్లు చూసి పాయిండర్ 1836 డిసెంబరులో మళ్లీ సభకెక్కాడు, మీ ఉత్తర్వును మీరే అమలు చేయరేమని. అదే ఏడు మద్రాసులో బిషప్ కోరీ, పాదరీలు, ఉద్యోగులు కలిసి మహజరు పెట్టుకున్నారు. ఈ వ్యవహారం మీదే మద్రాసు సేనాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్లండ్ 1838లో రాజీనామా చేశాడు. ఆ ఏడాదే డైరెక్టర్ల నుంచి ఇంకో తాకీదు వచ్చింది, ఈసారి గట్టిగా.

1843లో కుంఫిణీ తిరుమల నుంచి చేతులు కడుక్కుంది. నిర్వాహకం హథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు సనదు రాసిచ్చి అప్పగించింది. లండన్‌లో మనస్సాక్షి కుదుటపడింది.

తిరుపతిలో ఏం జరిగిందన్నది వేరే కథ. కుంఫిణీ మిగులును తినేసినా, లెక్క రాసేది, పైనుంచి అడిగేవాళ్లుండేవారు. మహంతుకు పైన అడిగేవాళ్లే కరువయ్యారు. 1863 నాటి 20వ చట్టంతో సర్కారు గుళ్ల వ్యవహారాల నుంచి ఇంకా దూరం జరిగింది. మహంతుల తీరు మీద ఫిర్యాదులు, దావాలు వచ్చాయి. గుడి నిర్వాహకానికి ఒక పద్ధతి పెట్టాలన్న వ్యాజ్యం ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1907లో తీర్పయింది. సేవాదాసుతో మొదలైన మహంతుల పాలన ప్రయాగదాసుతో 1933లో ముగిసి, చట్టం కింద దేవస్థానం కమిటీ వచ్చింది. అంటే డైరెక్టర్లు తప్పుకున్నాక చట్టబద్ధమైన జవాబుదారీ రావడానికి 90 ఏళ్లు పట్టింది. బొగ్గు గనిలో వాటా అమ్మేసి చేతులు దులుపుకునే నేటి ఫండ్లదీ ఇదే వరస. గని ఆగదు, యజమాని మారతాడు, కొత్త యజమానిని నిలదీసే వాటాదారు ఉండకపోవచ్చు.

తర్వాతి కాలంలో చట్టం రెండు వైపులా ఊగింది. 1883లో వెస్ట్ కార్క్ రైల్వే కేసులో ఇంగ్లండు కోర్టు డైరెక్టర్ల ఉదారతకు హద్దు గీసింది, కంపెనీకి మేలు చేసే దానమైతేనే చెల్లుతుందని. 2013 నాటి మన కంపెనీల చట్టం 166వ సెక్షన్ ఆ హద్దును దాటి, వాటాదారులతో పాటు ఉద్యోగులు, సమాజం, పర్యావరణ రక్షణను కూడా డైరెక్టరు బాధ్యతలో చేర్చింది. 2021లో బట్టమేకపిట్టల కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను ప్రస్తావించింది. 2022–23 నుంచి వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలు తమ పర్యావరణ, సామాజిక లెక్కలు చెప్పాలని సెబీ నిర్బంధం చేసింది. అమెరికాలో గాలి ఎదురు తిరిగింది. ఈఎస్‌జీని ఏళ్ల తరబడి భుజాన మోసిన పెట్టుబడుల సంస్థ బ్లాక్‌రాక్ అధిపతి లారీ ఫింక్ 2023లో ఆ మాటే వాడనన్నాడు.

2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. రాష్ట్ర హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, డైరెక్టర్లు పాస్‌పోర్టులు అప్పగించాలని, అనుమతి లేకుండా దేశం దాటరాదని ఆదేశించింది. చట్టం డైరెక్టర్ల దాకా రావడానికి పన్నెండు ప్రాణాలు పోవాల్సి వచ్చింది.

మామూలు రోజుల్లో డైరెక్టరును నిలదీసే తోవ ఇంకా ఇరుకు. 166వ సెక్షన్ మీరిన డైరెక్టరుకు జరిమానా లక్ష నుంచి 5 లక్షల రూపాయల దాకా. డైరెక్టర్ల మీద సామూహిక దావా వేసే 245వ సెక్షన్ సభ్యులకు, డిపాజిటుదారులకే వర్తిస్తుంది. ఫ్యాక్టరీ నీళ్లు చేలోకి వచ్చాయని వడమాలపేట రైతు కంపెనీ మీద హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. నీ బాధ్యత ఎందుకు మరిచావని డైరెక్టరును 245 కింద కంపెనీ లా ట్రిబ్యునల్‌లో నిలదీయాలంటే మాత్రం ముందు పాయిండర్‌లాగా ఆ కంపెనీ వాటాలు కొనుక్కోవాలి, తనలాంటి సభ్యులను కూడగట్టుకోవాలి.